పాత బాల్ జాయింట్లూ, మంగాయత్త కొత్త కన్నూ

మా గంటలపాలెంలో ఉన్న తెలివంతా ఒక్క ఇంట్లోనే ఉంది. ఈ మాట నేనన్నది కాదు, ఆ ఇంట్లోవాళ్ళే అన్నారు. అది మా పక్కిల్లు. అన్నదమ్ములు ముగ్గురు. పెద్దోడు గవర్రాజు, నడిపోడు తాతబ్బాయి, చిన్నోడు అబ్బులు. పొద్దున్నే అరుగు మీద నిలబడి పళ్ళు తోముకుంటూ గవర్రాజు వీధంతా వినబడేలా చెప్పేవాడు.

"ఎవరేం చెప్పినా చెప్పింది చెప్పినట్టు చెయ్యాలిరా. సొంత కవిత్వం పనికిరాదు. బుర్రంటే అదీ!"

తమ్ముళ్ళిద్దరూ నోట్లో వేపపుల్లలతోనే తలూపేవాళ్ళు. తలూపమని వాడే చెప్పాడు మరి.

అప్పుడే నవ్వకండి. ఇప్పుడే నవ్వేస్తే తర్వాత నవ్వడానికి ఓపికుండదు. ముగ్గురికీ పెళ్ళిళ్ళు కాలేదు. సంబంధాలు రాకపోలేదు, వచ్చాయి. చూసుకున్నవాళ్ళు "కబురు చేస్తాం, అందాకా ఆగండి" అని వెళ్ళారు. వీళ్ళు ఆగారు. ఇప్పటికీ ఆగే ఉన్నారు.

తల్లి పోయాక వాళ్ళని పెంచింది మేనత్త మంగాయమ్మ. మంచి మనిషి. కాకపోతే ఆ ఇంటి మనిషే కదా, ఆ బుర్రే. పాపం రెండు కళ్ళకీ శుక్లాలొచ్చేశాయి. అడుగుల చప్పుడు విని, గొంతు విని, మొహం తడిమి, ఎవడు ఎవడో పోల్చుకునేది. అన్నం పెట్టేటప్పుడు ఒకడికే రెండుసార్లు పప్పు వేసేది, ఇంకొకడికి అసలు వేసేది కాదు. వెయ్యనివాడు అడిగేవాడూ కాదు. "పెట్టింది తినండి" అని చిన్నప్పుడు ఆవిడే చెప్పింది.

"రత్నం, నాకింక వేరే ఆశల్లేవే" అనేది నాతో. "మా ముగ్గురి మొహాలూ ఒక్కసారి తేటగా చూసుకుంటే చాలు. వాళ్ళెలా ఉంటారో మర్చిపోతున్నానే."  ఆ ముగ్గురి మీద నాకెంత చిరాకున్నా ఆవిడ మాట వింటే కరిగిపోయేదాన్ని.

పెద్దూరు కంటాసుపత్రికి నెలకోసారి కాకినాడ నించి పెద్ద డాక్టరొచ్చి ఓ వారం ఉంటాడు. ఆయన చూసి, "ఈ శుక్రవారం తీసుకొచ్చెయ్యండి, ఆపరేషన్ చేసేద్దాం. ఇంకా ఆలస్యం చేస్తే ముదిరిపోతుంది, అప్పుడు నేనేం చెయ్యలేను" అన్నాడు. పోతూ పోతూ, "పెద్దావిడ కదా, ఎండలో నడిపించకండి, కారులో తీసుకురండి" అన్నాడు.

వాళ్ళకి కారుంది. వాళ్ళ నాన్న హయాంలో కొన్న తెల్లకారు. గతుకులో పడ్డప్పుడల్లా ముందు చక్రాల దగ్గర టక్కు టక్కుమనేది. బుధవారం సాయంత్రం మెకానిక్ నాగూరు బస్సుకోసం నిలబడి ఆ చప్పుడు విన్నాడు. మరదలి పెళ్ళికి నెల్లూరు వెళ్తున్నాడు. కారాపించి, వంగి చూసి తల పట్టుకున్నాడు.

"బాల్ జాయింట్లు అరిగిపోయాయి గవర్రాజూ. పిడికిట్లో గుండు పెట్టి తిప్పినట్టుంటుంది చూడు, చక్రాన్ని పట్టుకునుండేది అదే. గుండు అరిగిపోయి లోపల ఆడుతోంది. అవి మార్చకుండా అత్తని ఎక్కించుకెళ్ళారంటే చక్రం ఊడి చేతికొస్తుంది."

"ఎవరి చేతికి?" అన్నాడు అబ్బులు.

నాగూరు వినిపించుకోలేదు. బస్సొచ్చేసింది. "ఇంట్లోనే మార్చుకోవచ్చు, పెద్ద పనేం కాదు. నేను ఫోన్లో చెప్తాను, చెప్పింది చెప్పినట్టు చెయ్యండి, చాలు" అని ఎక్కేశాడు. చూశారా, అందరికీ చెప్పే మాటే. వీళ్ళకి మాత్రం చెప్పకూడని మాట.

విషయం తెలిసి నేను, "ఎందుకర్రా ఈ బాధ, నేను ఆటో పిలుస్తాను" అన్నాను.

"కారులో తీసుకురమ్మన్నారు రత్నమ్మక్కా. ఆటోలో తీసుకెళ్తే ఆపరేషన్ చేస్తారో చెయ్యరో" అన్నాడు గవర్రాజు. 

గురువారం పొద్దున్నే మొదలెట్టారు. నాగూరు మొదటి మాట: "జాకీ పెట్టేముందు బండి కదలకుండా వెనక చక్రాలకి పెద్ద రాయి అడ్డం పెట్టండి."

కారు వీధిలో ఉంది. పక్కనే ఇటికలున్నాయి, బండరాళ్ళున్నాయి. అబ్బులు ఒకటి పట్టుకొచ్చాడు. "ఇది పెద్దదా?" అన్నాడు గవర్రాజు. "ఇంట్లోకల్లా పెద్ద రాయి ఏది?" ముగ్గురూ ఆలోచించారు. పెరట్లో రోలు. వాళ్ళ తాత పాతించిన రోలు, సగం భూమిలోనే ఉంది. పారలేసి పెకిలించబోయారు. కదల్లేదు. గడ్డపారలేసి లాగారు. గడ్డపార వంగింది.

"రాయి కారు దగ్గరికి రానంటోంది. కారునే రాయి దగ్గరికి తీసుకెళ్దాం" అన్నాడు గవర్రాజు.

వాళ్ళ సందు సన్నం. మా పెరట్లోంచైతే కారు పడుతుంది. మధ్యలో నా దడి ఉంది. దడి మీద నా బీరపాదు ఉంది, పూతా పిందే మీద ఉంది. "అక్కా, దడి కొంచెం తీస్తాం" అన్నాడు తాతబ్బాయి. కొంచెమే కదా అని సరే అన్నాను. ఈ చివర కొంచెం తీశారు, ఆ చివర కొంచెం తీశారు, మధ్యలో కొంచెం కొంచెంగా అంతా తీసేశారు. బీరపాదు మీదుగా కారు వెళ్ళి రోలుని ఆనుకుని నిలబడింది. నేను నెత్తి బాదుకున్నాను. "అయ్యో, తలనొప్పా అక్కా?" అన్నాడు అబ్బులు.

రెండో మాట: "ముందు చక్రం పైకి లేపి, పైనా కిందా పట్టుకుని ఊపండి. ఊగితే పోయినట్టే." ఊపారు. ఊగింది. అంతే, అబ్బులుకి ఈ పరీక్ష తెగ నచ్చేసింది. వంటింటి తలుపు ఊపాడు. ఊగింది. "దీని బాల్ జాయింటు కూడా పోయిందన్నయ్యా." అత్త మంచం ఊపాడు. ఊగింది. అత్త లేచి కూర్చుని "భూకంపంరా, బయటికి పరిగెత్తండి!" అంది. తాతబ్బాయి కిందిపన్ను పట్టుకుని ఊపి చూసుకుని మొహం వేలాడేశాడు.

"నాది కూడా పోయిందన్నయ్యా."

"ముందు కారుది చూద్దాం. నీది తర్వాత మారుద్దాం" అన్నాడు గవర్రాజు. పెద్దవాడు కదా, ఏ పని ముందో ఏది వెనకో తెలుసు.

మూడో మాట చెప్పేసరికి అక్కడ పెళ్ళిపందిట్లో బాజాలు మొదలయ్యాయి. నాగూరు అరిచి చెప్పాడు. "విప్పిన నట్టులు కలిపెయ్యకండి! ఎక్కడిది అక్కడే పెట్టండి!"

ఇంకేముంది, గవర్రాజు పానా వేసి, చెమటలు కక్కుతూ ఒక నట్టు విప్పాడు. విప్పి, ఎక్కడిది అక్కడే పెట్టి బిగించాడు. రెండోది విప్పాడు. దాన్నీ ఎక్కడిది అక్కడే పెట్టాడు. తాతబ్బాయి రెండో పక్క అదే పని. మధ్యాహ్నమయ్యేసరికి ప్రతి నట్టూ విప్పేశారు, ప్రతి నట్టూ ఎక్కడిది అక్కడే ఉంది. కారు మాత్రం పొద్దున్న ఎలా ఉందో అలాగే ఉంది.

"చాలా పనయింది" అన్నాడు గవర్రాజు, నుదురు తుడుచుకుంటూ.

ఉండబట్టలేక నేనే వెళ్ళి, "ఒరేయ్ నాయనలారా, విప్పినవి తీసి పళ్ళెంలో వెయ్యండ్రా!" అని కసిరాను. పాపం, వెంటనే విన్నారు. వంటింట్లోంచి పళ్ళెం తెచ్చి నట్టులన్నీ అందులో వేశారు. ఏ పళ్ళెమో నేను చెప్పలేదు. నా పొరపాటే. వాళ్ళు తెచ్చింది తాతబ్బాయి అన్నం తినే పళ్ళెం. తెచ్చినచోటే పెట్టారు.

భోజనాల వేళయింది. మంగాయత్త తడుముకుంటూ వచ్చి ఆ పళ్ళెంలో అన్నం వడ్డించి, పప్పు పోసి, నెయ్యి వేసి, "తినరా నాయనా" అంది. తాతబ్బాయి ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు. కటుక్కుమంది. నోట్లోంచి ఒక నట్టు, ఒక పన్ను బయటికొచ్చాయి.

"అన్నయ్యా, నాది వచ్చేసింది" అన్నాడు తాతబ్బాయి.

"ఎక్కడిది అక్కడే పెట్టెయ్" అన్నాడు గవర్రాజు. వాడు పెట్టేసుకున్నాడు కూడాను. నిలిస్తే కదా!

సంగతి తెలిసి మంగాయత్త అక్కడే కూలబడి ఏడ్చింది. "నా చేత్తో నా బిడ్డకి ఇనుము పెట్టానే రత్నం! ఈ కళ్ళు ఉంటేనేం, లేకపోతేనేం!" ముగ్గురూ ఆవిడ చుట్టూ చేరారు. గవర్రాజు ఆవిడ కొంగుతోనే ఆవిడ కళ్ళు తుడిచి, "రేపు ఈ వేళకి నువ్వు మా మొహాలు చూస్తావత్తా. నీమీదొట్టు" అన్నాడు. ఎంత చిరాకు మనిషినైనా, అది చూసి నా బీరపాదు సంగతి మర్చిపోయాను. కాసేపే లెండి.

మళ్ళీ ఫోను. నాగూరు ఈసారి భోజనాల బంతిలో ఉన్నట్టున్నాడు, నోటినిండా ఏదో పెట్టుకుని చెప్పాడు. "గుండు పట్టేసుంటుంది, రాదు. దాని మీద కొట్టారంటే పాడవుతుంది. పక్కన కొట్టండి. రెండు పక్కలా ఒకేసారి మార్చాలి, మర్చిపోకండి. ఒక్కటే మారిస్తే బండి ఒక పక్కకి లాగేస్తుంది."

గవర్రాజు ఎడమపక్క, తాతబ్బాయి కుడిపక్క, చెరో సుత్తి. అబ్బులు మధ్యలో నిలబడి, ఇద్దరూ ఒకేసారి కొట్టేటట్టు "హైలెస్సా" అనడం. గుండు మీద కొట్టకూడదు, పక్కన కొట్టాలి. గుండు పక్కన ఏముంది? ఏమీ లేదు, గాలి. దాని కింద నేల. "హైలెస్సా!" నేల మీద ధన్. "హైలెస్సా!" ధన్. కొట్టి కొట్టి ఇటో గొయ్యి, అటో గొయ్యి తవ్వారు. మా ఇంట్లో ఉట్టి మీద కుండ కదిలింది. మధ్యలో తాతబ్బాయి సుత్తి జారి ఇనుముకి తగిలి, వాడి వైపు గుండు కాస్త కదిలింది.

"అన్నయ్యా, నాది ముందొచ్చేస్తోంది!"

"ఆపు, ఆపు! లోపలికి నొక్కెయ్! నాదింకా రాలేదు!"

మళ్ళీ నొక్కేశాడు. ఒకేసారి అన్నారు మరి.

అంతలో మంగాయత్త వంటింట్లోంచి "మజ్జిగ తాగండ్రా" అని పిలిచింది. ముగ్గురూ ఒకేసారి లేచి వెళ్ళారు. ఆవిడ పిలవబట్టి బతికారు. వాళ్ళు గడప దాటారో లేదో, గోతుల మధ్య నిలబడ్డ జాకీ పక్కకి ఒరిగింది, కారు ధభీమని కూలబడింది. ఆ దెబ్బకి రెండు పక్కలా రెండు గుండ్లూ ఊడి టప్పు టప్పుమని కింద పడ్డాయి. 

గవర్రాజు మజ్జిగ గ్లాసుతో వచ్చి చూశాడు. "ఒకేసారి వచ్చాయి" అన్నాడు తృప్తిగా.

తర్వాతి మాట: "పాతవి షాపుకి పట్టుకెళ్ళి చూపించి, అచ్చం అలాంటివే తెచ్చుకోండి." సంచిలో వేసుకుని ముగ్గురూ పెద్దూరు వెళ్ళారు. అక్కడ జరిగింది షాపువాడే నాకు తర్వాత చెప్పాడు. 

అతను కొత్తవి డబ్బాలోంచి తీసి బల్ల మీద పెట్టాడు. గవర్రాజు ఒక చేత్తో పాతది, ఒక చేత్తో కొత్తది పట్టుకుని అటూ ఇటూ ఊపాడు.

"ఇది ఊగట్లేదండీ."

"కొత్తది ఎందుకు ఊగుతుంది?"

"మాది ఊగుతుంది."

"ఊగుతోందనే కదయ్యా మారుస్తున్నారు?"

"మార్చడానికేనండీ. కానీ అచ్చం ఇలాంటిదే ఉండాలి. దీనికి రబ్బరు టోపీ చిరిగింది, మీదానికి చిరగలేదు. దీనికి తుప్పుంది, మీదానికి లేదు. ఒక్కటీ కలవలేదే!"

షాపువాడు బతిమాలాడు, దణ్ణం పెట్టాడు, చివరికి తిట్టాడు. "పొండి, వెళ్ళి పాత ఇనుము కొట్టులో వెతుక్కోండి!" అన్నాడు. అంతే, "ముందే చెప్పొచ్చు కదండీ" అని ముగ్గురూ పాత ఇనుము కొట్టుకి వెళ్ళారు. అక్కడ గుట్టంతా తిరగేసి, అచ్చం అలాగే అరిగి, అచ్చం అలాగే తుప్పుపట్టి, టోపీ కూడా అక్కడే చిరిగిన జత పట్టుకున్నారు. ఊపి చూశారు. పాతదానికంటే కాస్త ఎక్కువే ఊగింది.

"మంచి సరుకన్నయ్యా" అన్నాడు తాతబ్బాయి, ఊడిన పన్ను సందులోంచి.

ఇంటికొచ్చి అత్త చేతుల్లో ఒక పాతదీ, ఒక కొత్తదీ పెట్టారు. ఆవిడ రెండూ తడిమి తడిమి చూసింది. "ఒకటే పోలికరా! ఎంత వెతికుంటే దొరికాయో! మీకున్న ఓపిక ఎవరికుంటుందిరా!" అంది. ముగ్గురి మొహాలూ వెలిగిపోయాయి. నేను మా ఇంట్లోకి వెళ్ళిపోయాను. మాట్లాడితే ఇంకేం చేస్తారో అని భయం.

బిగించేశారు. చివర్లో నాగూరు "గ్రీజు పట్టించండి" అన్నాడు. "ఎక్కడ?" అన్నాడు గవర్రాజు. అవతల అప్పగింతల ఏడుపులు. నాగూరు విసుగ్గా, "అంతటా పట్టించు తండ్రీ!" అన్నాడు. అంతటా పట్టించారు. చక్రాలకి, తలుపులకి, స్టీరింగుకి, సీట్లకి. వాళ్ళకి వేరే పట్టించక్కర్లేకపోయింది, జుట్టు నించి పాదాల దాకా నల్లగా నిగనిగలాడుతున్నారు. ఇంత చేశాక ఆఖరి మాట చెప్పి అతను ఫోను ఆపేశాడు. "దారిలో ఒకసారి స్టీరింగు వదిలేసి చూడండి. ఏ పక్కకీ లాగకుండా తిన్నగా పోతే పని కుదిరినట్టే."

శుక్రవారం పొద్దున్న అత్తని వెనక సీట్లో దుప్పటి పరిచి కూర్చోబెట్టారు. నన్నూ ఎక్కమన్నారు. నేను క్యారేజీ పట్టుకుని ఆటోలో వెనకాలే వెళ్ళాను. కారు టక్కు టక్కుమంటూనే ఉంది. ముందు సీట్లో అబ్బులు చెయ్యి బయటికి చాపి, అరచెయ్యి పైకి పెట్టి కూర్చున్నాడు. "ఏంట్రా అది?" అని ఆటోలోంచి కేకేశాను. "చక్రం ఊడి చేతికొస్తుందన్నాడు కదక్కా, రెడీగా ఉండాలిగా!"

కాలవ వంతెన దాటాక రోడ్డు ఎడమకి తిరుగుతుంది. ఎదురుగా కోసేసిన చేను, చేనుకి అవతల ఆసుపత్రి గోరింట కంచె. మలుపు దగ్గరికి రాగానే గవర్రాజు స్టీరింగు వదిలేసి రెండు చేతులూ పైకెత్తాడు. నేను చీరకొంగు నోట్లో కుక్కుకున్నాను. రోడ్డు ఎడమకి తిరిగింది. కారు తిరగలేదు. తిన్నగా చేలోకి దిగింది, గట్టు ఎక్కింది, దిగింది, మోళ్ళ మీద టకటకటకటకా దూసుకుపోయింది, కంచెలోంచి లోపలికి వెళ్ళింది. అక్కడ ముందు చక్రం ఊడింది. అబ్బులు చేతికి రాలేదు. దొర్లుకుంటూ వెళ్ళి ఆసుపత్రి వరండాలో, చీట్లు రాసే బల్ల ముందు పడుకుంది. అందరికంటే ముందు అదే చేరింది.

నేను ఆటో దిగి పరిగెత్తాను. అత్త దుప్పటిలో చెక్కుచెదరకుండా కూర్చుని, "అప్పుడే వచ్చేశామా? దగ్గరి దారి భలే కనిపెట్టార్రా!" అంది.

"తిన్నగా వెళ్ళిందా లేదా అక్కా?" అన్నాడు గవర్రాజు.

"వెళ్ళిందిరా" అన్నాను. ఏమనను?

నర్సమ్మ వచ్చి వీళ్ళ అవతారం చూసి కెవ్వుమంది. "ఆ చేతులేంటండీ! ఇక్కడ దేన్నీ ముట్టుకోకండి!" అంతే, ముగ్గురూ చేతులు పైకెత్తి నిలబడిపోయారు. కుళాయి ముట్టుకోలేదు, సబ్బు ముట్టుకోలేదు, మొహం ముట్టుకోలేదు. అత్త కోసం తెచ్చిన అన్నం నేనే ముద్దలు కలిపి ముగ్గురు మగాళ్ళ నోట్లో పెట్టాల్సొచ్చింది. తుడుస్తానర్రా అంటే వద్దన్నారు. "నీ కొంగు మాకు తగిలితే మేం దాన్ని ముట్టుకున్నట్టే కదక్కా."

డాక్టరొచ్చి, "ఇవాళ ఒక కన్ను చేస్తాం, రెండోది వచ్చే నెల" అన్నాడు.

ముగ్గురూ అడ్డం తిరిగారు. "ఒక్కటే మారిస్తే మా అత్త ఒక పక్కకి లాగేస్తుందండీ. రెండూ ఒకేసారి మార్చాలి. ఇంకో మాటండీ, పాతది తీశాక మాకివ్వండి. షాపులో చూపించి అచ్చం అలాంటిదే తెస్తాం."

డాక్టరు నావైపు తిరిగాడు. "మీరు వీళ్ళకి ఏమవుతారమ్మా?"

"పక్కింటిదాన్నండీ. అంతే. ఏమీ కాను" అన్నాను.

ఆయన అత్తని లోపలికి తీసుకెళ్ళి తలుపేయించేశాడు. పుణ్యాత్ముడు.

మర్నాడు పొద్దున్న కట్టు విప్పారు. మంగాయత్త మెల్లిగా కన్ను తెరిచింది. కిటికీ చూసింది, డాక్టర్ని చూసింది, నన్ను చూసింది. "అదేంటే రత్నం, ఇంత లావయ్యావేంటే!" అంది. కన్ను బ్రహ్మాండంగా పని చేస్తోందని అప్పుడే తెలిసిపోయింది.

"ఏరి? నా పిల్లలేరి?"

మంచం ముందు ముగ్గురూ వరసగా నిలబడ్డారు, చేతులు పైకెత్తి. రాత్రంతా అలాగే ఉన్నారు. నల్లటి మొహాల్లో కళ్ళు మాత్రం తెల్లగా మెరుస్తున్నాయి. ఆవిడ చాలాసేపు చూసింది. చెయ్యి చాపి గవర్రాజు గడ్డం తడిమింది. చిన్నప్పుడు పడ్డ గాటు దొరికింది. తాతబ్బాయి ఊడిన పన్ను సందు దొరికింది. అబ్బులు చెవి దొరికింది. ఆవిడ కంట్లోంచి నీళ్ళు కారాయి.

"మీరేరా! నాకు చూపు లేని ఈ కాలమంతా ఎండల్లో తిరిగి తిరిగి ఇంత నల్లబడిపోయారా నాయనా! పోన్లే, ఎలా ఉంటేనేం, నా పిల్లలు. ఇంక ఈ మొహాలు చచ్చినా మర్చిపోను."

ముగ్గురూ భోరుమన్నారు. నేనూ ఏడ్చాను, దాచుకోవడమెందుకు. డాక్టరు కూడా కళ్ళజోడు తుడుచుకుని, "ఏడవకూడదమ్మా. ఇంక తడుముకోనక్కర్లేదు, గొంతు విని పోల్చుకోనక్కర్లేదు. కన్నుంది కదా, చూసి పోల్చుకోండి" అన్నాడు.

"అలాగే బాబూ. చెప్పింది చెప్పినట్టు చేస్తాను" అంది మంగాయత్త.

చక్రం ఊడిన కారుని ట్రాక్టరు మీద ఎక్కించి పంపి, మేం ఆటోలో ఇంటికొచ్చాం. నర్సమ్మ చెప్పింది ఆసుపత్రి వరకే కదా, వాళ్ళు నూతి దగ్గర కూర్చుని, కుంకుడుకాయలేసి, పీచేసి రుద్ది రుద్ది స్నానాలు చేశారు. తెల్లగా తేలారు. తల దువ్వుకుని, ఉతికిన చొక్కాలేసుకుని వెళ్ళి పీటల మీద కూర్చున్నారు. అత్త కళ్ళారా చూసి వడ్డించే మొదటి భోజనం. పొద్దున్నించీ దానికోసమే ఎదురుచూస్తున్నారు పాపం.

అత్త అన్నం గిన్నెతో వచ్చింది. ఆగింది. "ఎవరయ్యా మీరు?"

"మేమేనత్తా!"

"గొంతు మావాళ్ళదే. ఇన్నాళ్ళూ కన్ను లేక గొంతుని నమ్మాను. ఇప్పుడు చూసి పోల్చుకోమన్నాడు డాక్టరు. మా పిల్లలు నల్లగా నిగనిగలాడుతుంటారు. లేవండి, లేవండి! వాళ్ళొచ్చే వేళయింది!" అంటూ అట్లకాడ తీసుకుని ముగ్గుర్నీ వీధిలోకి తరిమేసింది.

వచ్చి మా అరుగు మీద కూర్చున్నారు. గవర్రాజు తల దించుకున్నాడు. "అత్త మమ్మల్ని చూసుకోవాలనే కదక్కా ఇదంతా చేశాం. ఇప్పుడు చూస్తోంది, కానీ మేం కనపడట్లేదు."   అంతలోనే వాడు తలెత్తాడు. మొహంలో ఆ పాత వెలుగు వచ్చింది.

"బుర్రుండాలిరా" అన్నాడు తమ్ముళ్ళతో. "పదండి."

ఇంకేముంది, పెరట్లోకి వెళ్ళి గ్రీజు డబ్బా తీశారు. ఒకడికొకడు మొహమంతా పట్టించుకున్నారు. మళ్ళీ వెళ్ళి పీటల మీద కూర్చున్నారు.

"వచ్చార్రా నా తండ్రులూ!" అంది అత్త, మొహం చాటంత చేసుకుని. "ఇందాక ఎవరో ముగ్గురు తెల్లటి దొంగలు మీ పీటల మీద కూర్చున్నార్రా. తరిమేశాను." ఒక్కొక్కడి మొహం తృప్తిగా చూసుకుంటూ, ఎవడి పప్పు వాడికి వేసింది.

అప్పట్నించీ అదే తంతు. పొద్దున్నే లేస్తారు, పళ్ళు తోముకుంటారు, గ్రీజు రాసుకుంటారు. డబ్బా డబ్బా మొహాలకే అయిపోతోంది, కారుకి చుక్క మిగలడం లేదు. నాగూరు నెల్లూరు నించి వచ్చి వీళ్ళని చూసి గుమ్మంలోంచే వెనక్కి వెళ్ళిపోయాడు.

మొన్న నేనే ఇంక ఆగలేక చెప్పేశాను. "మంగాయమ్మగారూ, అది వాళ్ళ రంగు కాదు, గ్రీజు. మీ పిల్లలు తెల్లగా ఉంటారు. నేను రోజూ చూస్తూనే ఉన్నాను."

ఆవిడ నా దగ్గరికొచ్చి, రెండు చేతుల్తో నా మొహం పట్టుకుని, ఆ కొత్త కన్నుతో నా కళ్ళలోకి జాలిగా చూసింది.

"అయ్యో రత్నం, నీక్కూడా శుక్లాలొచ్చేశాయే! నువ్వేం బెంగపెట్టుకోకు. వచ్చే శుక్రవారం నా రెండో కన్నుకి వెళ్తున్నాంగా. మావాళ్ళు నిన్నూ కారులో తీసుకొస్తార్లే."

నేను నోరు తెరిచేలోపే పెరట్లో అబ్బులు జాకీ వెతకడం మొదలెట్టాడు.